బ్యాగు ఇచ్చారు, కాగితం సంగతి ఎవరు చూస్తారు? (11వ భాగం)



కలమల్ల అంటే మీకు గుర్తొచ్చేది శాసనమే. క్రీ.శ. 575 నాటి తొలి తెలుగు శాసనం, రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది. తెలుగు అక్షరానికి పుట్టిల్లని సభల్లో గొంతు చించుకుంటాం. ఇదే రేనాటిలో బుట్టలల్లే, పందులు మేపే ఎరుకల ఇండ్లలో పదో తరగతి దాటిన పిల్లలు ఎందరని ఏ సభా అడగదు.

పోయిన నెల ఈ చుట్టుపక్కల ఒక సేవా క్లబ్బు గిరిజన పిల్లలకు బ్యాగులు పంచింది. పేరు చెప్పను, నా పేచీ ఆ ఒక్క క్లబ్బుతో కాదు. శాలువాలు, ఫ్లెక్సీ, బ్యాగు మీద క్లబ్బు ముద్ర. అధ్యక్షులవారి మొహం సరిగా పడలేదని ఒక ఎనిమిదో తరగతి పిల్లకు అదే బ్యాగు రెండుసార్లు ఇప్పించారు. ఆ పిల్ల తర్వాత నా దగ్గరికొచ్చి, "అన్నా, ఇప్పుడు హాస్టల్లో సీటిస్తారా?" అనింది.

సీటు రాలేదు. కుల ధ్రువపత్రం లేదు. బుట్టలమ్ముకుంటా ఊర్లు తిరిగిన కుటుంబం. తాత పేరున ఏ రికార్డూ లేదు. విచారణకొచ్చినోళ్లు "మీరు యాడోళ్లు?" అని అడిగి పోయినారు. క్లబ్బులో వకీళ్లున్నారు, రిటైరైన ఆఫీసర్లున్నారు. ఒక్కరోజు మాతో ఆఫీసుకు రండి సార్ అన్నా. "అవి రాజకీయాలు బాబూ, మాది సేవ" అన్నారు.

ఇది రాజకీయమైతే పోలియో ఏమిటి? 1905లో చికాగోలో పుట్టిన రోటరీ 1985 నుంచి పోలియో మీద పడింది. ప్రభుత్వాలను కదిలించింది, ఇల్లిల్లూ తిరిగే పనిలో కలిసింది. 2014లో మన దేశానికి పోలియో లేదన్న గుర్తింపు వచ్చింది. దాన్ని నేను తక్కువ చేయను. చుక్కలు పడని బిడ్డను వెతికి పట్టుకోవడం సేవైతే, ధ్రువపత్రం లేని బిడ్డను వెతకడం ఎందుకు కాదు?

ప్రశ్నించని సేవ ఎరుకలకు కొత్త కాదు. 1871 నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చాక, బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. బడి పెట్టిందీ వాళ్లే, హాజరు పట్టి కాపలా కాసిందీ వాళ్లే. ఆ చట్టం 1952లో పోయింది. ఊర్లో దొంగతనం జరిగితే మొదటి చూపు ఎవరి గుడిసె మీద పడుతుందో మీకు తెలుసు.

కడప జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతమే లేదు. మైదానపు ఎరుకల, యానాది, సుగాలీల గోడు ఇక్కడ ఎవరికీ పట్టదు. 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్టీల అక్షరాస్యత 49 శాతం, మొత్తం జనానిది 67. జనాభా నిష్పత్తిలో నిధులివ్వాలని 2013లో ఉపప్రణాళిక చట్టం వచ్చింది. ఆ డబ్బు ఏమైందని అడిగే హక్కు మనది. బ్యాగు తీసుకున్న పిల్ల దండం పెట్టాల్సొస్తుంది; హాస్టల్ సీటు వస్తే ఎవరికీ పెట్టనక్కర్లేదు. తేడా అక్కడే.

మన సంగతీ చెప్పాలి. మా మాదిగిండ్లలో పెండ్లికి ఎరుకలోళ్లను పంక్తిలో కూర్చోబెట్టింది నా చిన్నప్పుడు చూడలా. అంబేడ్కర్ జయంతి కమిటీలో ఈరోజుకీ వాళ్ల మనిషి ఒక్కడూ లేడు. క్లబ్బును తిట్టే ముందు నేను సిగ్గుపడాల్సిన మాట ఇది.

సోమవారం అర్జీలు తీసుకునే రోజు. పదకొండు కుటుంబాల కాగితాలతో పోతున్నాం, పొద్దున ఎర్రగుంట్లలో బస్సెక్కుతాం. చదువుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అర్జీలు రాసిపెట్టడానికి నలుగురు కావాలి. క్లబ్బు పెద్దలకూ కబురు పంపినాం. వస్తామంటే సీట్లు పట్టి పెడతాం.