స్వహస్తనిర్మితముపై మక్కువ భ్రమయా?

తన చేతితో చేసికొనిన వస్తువును మనుష్యుడు మిక్కిలి మన్నించుకొనును. వంకరగా కుదిరిన పీటయైనను, ఉప్పు తగ్గిన పచ్చడియైనను, తాను చేసినదైనచో పొరుగువానికి చూపక మానడు. ఈ లోకవిదితమైన విషయమునకు అమెరికాయందలి మువ్వురు పండితులు 2012వ సంవత్సరపు వ్యాసమొకదానిలో 'ఐకియా ప్రభావము' అని పేరిడిరి. బల్లలను విడిభాగములుగా అమ్మి కొన్నవానిచేతనే బిగింపించు స్వీడను దేశపు వర్తకసంస్థ పేరది. హైదరాబాదునందును 2018 ఆగస్టులో అంగడి తెరచినది. ఆ పండితులు కొందరిచేత కాగితము మడిపించి కొంగలను, కప్పలను చేయించిరి. చేసినవారు తమ బొమ్మకు సగటున 23 సెంట్లు ఇత్తుమనిరి. చేయనివారు ఆ బొమ్మలకే ఇంచుమించు 5 సెంట్లు చాలుననిరి.

ఇంకేమి, స్వహస్తనిర్మితముపై మక్కువ ఒట్టి భ్రమయని తేలిపోయినదట! మన పట్టణములలోని లెక్కల పెద్దలకు ఈ మాట చెరకుముక్క వంటిది. మిల్లుగుడ్డ చౌక, ఖద్దరు ప్రియము, తక్కినదంతయు మమకారమే యని వారు చిరకాలమునుండి చెప్పుచునే యున్నారు.

మేమీ సిద్ధాంతమును అంగీకరింపజాలము. ఆ పరిశోధనయందే మరియొక సంగతి కలదు. పని ముగింపలేకపోయినవారికిని, కట్టినదానిని వెంటనే విప్పివేసినవారికిని ఆ మక్కువ నిలువలేదు. పడిన శ్రమను గూర్చిన గర్వమే కారణమైనచో వారికిని కలుగవలదా? పని నెరవేర్చినవానికి ఆ పని యెట్టిదో తెలియును. ఆ తెలివియే వెలను పెంచినది. చేయనివాని 5 సెంట్లను సత్యముగా గైకొని, చేసినవాని 23 సెంట్లను భ్రమ యనుట ఏ న్యాయము?

శ్రీకాకుళము జిల్లాలోని పొందూరునకు పోయి చూడుడు. అచ్చటి స్త్రీలు వాలుగచేప దవడయెముకతో ప్రత్తిని దువ్వి శుభ్రపరతురు. పిదప గింజ తీయవలెను, దూది ఏకవలెను, ఏకులు చుట్టవలెను. అప్పటికి గాని రాట్నము కదలదు. ఇందులో ఏ యొక పనినైనను ఒక పూట చేసి చూచినవాడు పొందూరు పంచె వెల విని నొసలు ముడివేయడు. తాను రెండు మూరల నూలు తీయుటకు పట్టిన ప్రొద్దు వానికి జ్ఞాపకముండును.

ఒకటి మాత్రము ఒప్పుకొందము. బొమ్మలు చేసినవారు, ఇతరులును తమవలెనే వెలకట్టుదురని తలచిరట. అది పొరపాటే. క్రొత్తగా వడకనేర్చినవాని నూలు ఎగుడుదిగుడై మగ్గముమీద మాటిమాటికి తెగును. వడికినవాడు మురిసిపోవుచుండగా నేతగాని కూలి తరిగిపోవును. మన మక్కువకు పరులచేత పన్ను కట్టించు హక్కు మనకు లేదు.

ఇక మనవారి సంగతి. 1924 డిసెంబరున గాంధీగారి అధ్యక్షతన బెల్గామున కూడిన కాంగ్రెసు, సభ్యత్వపు చందాగా ఏటికి 24,000 గజముల నూలును విధించెను. కాని రోగులే గాక ఇష్టములేనివారును పరులు వడికిన నూలును చెల్లింపవచ్చునని ఒక దొడ్డిత్రోవ విడిచిరి. కొన్ననూలు చందాయైనప్పుడు దానికిని రొక్కమునకును భేదమేమి? ఏడాది తిరుగకమునుపే, 1925 సెప్టెంబరున పాట్నాలో, నాలుగణాల చందా మరల ప్రవేశించెను. చేతివడుకు చేతినేతల గుడ్డయే జాతీయపతాకమునకు తగునన్న నియమము చాలకాలము నిలిచినది. 2021 డిసెంబరు 30న దానిని సవరించి యంత్రపు గుడ్డను, పాలియెస్టరును కూడ అనుమతించిరి. పతాక చౌకయై ఇంటింటికి చేరుట మంచిదే యందురు. చేరినదానిని వడికిన చేయి ఏ యింటను లేదు.

పఠనమందిరములలో కూర్చుండి వాదించు పెద్దమనుష్యులను మేము కోరునది స్వల్పము. మందిరపు మూల నొక రాట్నమును, గంపెడు ఏకులను ఉంచుడు. ఖద్దరు ప్రియమని వాదింపదలచినవారు ముందొక చిలప నూలు వడికి పిదప మాటలాడవచ్చును. మొదటి దినమున నూలు ఎన్నిమారులు తెగినదో మేమడుగము.