గడువు కూడా అమానతే

మా వద్ద చదువుకొన్న ఒక యువకుడు మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాలలో ఏసీల సర్వీసింగు చేస్తుంటాడు. ఇటీవల మమ్మల్ని కలిసి, "హజ్రత్, పని సక్రమంగానే చేశాను. అయినా ఒక కంపెనీ వారు నా కొత్త బిల్లు ఆపివేశారు" అని వాపోయాడు. విచారించగా, అతను రెండు నెలలుగా జీఎస్టీ రిటర్నులు దాఖలు చేయలేదని తెలిసింది. "ఆలస్య రుసుమే కదా, తర్వాత కట్టేస్తే సరి" అనుకున్నాడట.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి ఆ ప్రాంతపు పెద్ద సంస్థలను ఆధారం చేసుకొని ఎందరో చిన్న వ్యాపారులు జీవిస్తున్నారు. వారి మేలుకోరి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

నెలవారీ రిటర్నులు వేసేవారు అమ్మకాల వివరాలు తెలిపే జీఎస్టీఆర్-1ను మరుసటి నెల 11వ తేదీలోగా, పన్ను చెల్లించే జీఎస్టీఆర్-3బీని 20వ తేదీలోగా సమర్పించాలి. 3బీ ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల రుసుము పడుతుంది. ఏడాది టర్నోవరు కోటిన్నర దాటనివారికి ఒక్కో రిటర్నుపై అది 2,000 రూపాయలకు మించదు. చెల్లించని పన్నుపై ఏడాదికి 18 శాతం వడ్డీ అదనం.

లక్ష రూపాయల సర్వీసింగు బిల్లుపై పన్ను 18,000 రూపాయలు. దానిని 60 రోజులు ఆలస్యంగా కడితే రుసుము 2,000, వడ్డీ సుమారు 530 రూపాయలు. ఈ మాత్రం నష్టం భరించగలమని వ్యాపారి అనుకోవచ్చు. కాని ఆ 18,000 అతని సంపాదన కాదు. ప్రభుత్వానికి చేర్చమని కొనుగోలుదారు అతని చేతికిచ్చిన అమానత్. ఆ మొత్తాన్ని తాను కట్టవలసిన పన్నులో తగ్గించుకొనే హక్కు కొనుగోలుదారుకు ఉంది. మన బిల్లు పోర్టల్‌లో కనిపించనంత కాలం ఆ హక్కు స్తంభించిపోతుంది. కంపెనీ కొత్త బిల్లు ఆపింది అందుకే. రుసుముతో ప్రభుత్వ బాకీ తీరవచ్చు, కాని దాసుల హక్కు తీరదు.

మరొక సంగతి. వడ్డీ హరామని బ్యాంకు రుణానికి దూరంగా ఉండే సోదరుడే అశ్రద్ధ వల్ల ఏడాదికి 18 శాతం వడ్డీని నెత్తిన వేసుకొంటున్నాడు. దీని నుండి తప్పించుకొనే మార్గం గడువును పాటించడమే. దివ్యఖుర్‌ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్, అల్ బఖర 282, అప్పు లావాదేవీలను వ్రాసి ఉంచుకొనే పద్ధతిని గురించినదే. లెక్కలు వ్రాయడం ధర్మానికి వెలుపలి పని అని ఎలా అనగలం?

అమ్మకాలు లేని నెలలోనూ రిటర్ను తప్పదు. మరచిపోతే రోజుకు 20 రూపాయల చొప్పున 500 వరకు రుసుము. అటువంటి శూన్య 3బీని నమోదైన మొబైలు నుండి 14409కు ఎస్సెమ్మెస్ పంపి కూడా దాఖలు చేయవచ్చు. వరుసగా ఆరు నెలలు విస్మరిస్తే మాత్రం రిజిస్ట్రేషను రద్దయ్యే ప్రమాదముంది.

ఆ యువకుడు బకాయి రిటర్నులు సమర్పించి, కంపెనీ అధికారి వద్ద తన తప్పు ఒప్పుకొన్నాడు. ఇప్పుడు బిల్లు సొమ్ము చేతికందిన రోజే పన్ను భాగాన్ని వేరుచేసి ఇల్లాలికి అప్పగిస్తున్నాడు. ఆమె ఆ డబ్బును ఇంటిఖర్చులో కలపదు. 20వ తేదీ సమీపించగానే గుర్తుచేస్తుంది. పాఠకులూ తమ ఇంట ఈ ఏర్పాటు చేసుకోవాలని మా మనవి.