ఇంటిచెత్తను వేఱుచేయుట ఎవరి పని?

మిరపకాయ లెండు దినములలో మన పల్లెల కళ్ళములను చూడని విద్యార్థి మన పాఠశాలలో అరుదు. ఎఱ్ఱని రాసుల ప్రక్కన స్త్రీలు వరుసగా కూర్చుండి, రంగు చెడిన తాలుకాయలను ఏరి వేఱుగా పోయుదురు. మంచికాయకు దాని ధర కలదు; తాలుకాయకును దాని ధర కలదు. రెంటిని కలిపి టిక్కీల కెత్తి గుంటూరు మిర్చియార్డునకు తోలినచో మంచికాయ ధరయు పడిపోవును. పత్తి సంగతియు నిట్టిదే. తేమ నూటికి 8 పాళ్ళు మించిన పత్తికి భారత పత్తి సంస్థవారు ధర తగ్గింతురు. 12 పాళ్ళు మించినచో కొనుటకే సమ్మతింపరు. కలిసినది విలువ కోల్పోవుననియు, తడిసినది చెడుననియు మనకు ఒరులు నేర్పనక్కఱలేదు. పంట విషయమున నింత యెఱిగిన మనము ఇంటిచెత్త విషయమున మాత్రము ఏమియు నెఱుగనివారివలె ప్రవర్తించుచున్నాము. దీనిని గూర్చి విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును రెండు మాటలు మనవిచేయ నెంచితిని.

ప్రొద్దుట చెత్తబండి వీధిలోనికి వచ్చి ఈల వేయగానే మనము చేయు పని యేమి? రాత్రి మిగిలిన చారు, కూరగాయల తొక్కలు, వ్రాసి చించిన నోటుపుస్తకపు కాగితములు, పాలసంచి, పగిలిన గాజుగ్లాసు, కాలము మీఱిన మాత్రలు, అన్నిటిని ఒక సంచిలో కుక్కి, ముడివేసి, బండిలోనికి విసరుదుము. విడివిడిగా నుండినచో వీనిలో పెక్కింటికి ప్రయోజనము కలదు. తొక్కలు మట్టిలో కలిసి యెరువగును. కాగితము మిల్లులో నానబెట్టబడి మఱల కాగితమగును. గాజు ఎన్నిమారులు కరగించినను గాజుగనే యుండును. అల్యూమినియమును ఖనిజమునుండి తీయుటకంటె పాత సామానును కరగించి తీసినచో నూటికి 95 పాళ్ళవఱకు శక్తి మిగులును. ఇవన్నియు చారులో తడిసి యొక్కముద్దయైన పిమ్మట కాగితము కుళ్ళును, ఎరువులో గాజుపెంకులు చేరును, మిగులునది దుర్గంధమే. చెత్త యనునది పుట్టుకతో చెత్త కాదు. కలుపుటచేతనే చాలవఱకు చెత్త యగుచున్నది.

వేఱుచేయవలెనని శాసనము చెప్పకపోలేదు. అల్మిత్రా పటేల్ గారు 1996లో సుప్రీముకోర్టున వేసిన వ్యాజ్యము ఫలితముగా 2000లో నగరముల చెత్తను గూర్చి నిబంధన లేర్పడెను. 2016లో వచ్చిన నిబంధనలు ప్రతి గృహస్థుడును తడిచెత్తను, పొడిచెత్తను, ఇంటిలోని హానికర వస్తువులను మూడుగా విడదీసి యీయవలెనని విధించినవి. మన రాష్ట్రమున 2021 అక్టోబరు 2న క్లాప్ పథకము ప్రారంభమై, పట్టణములలో ఇంటింటికి మూడు రంగుల బుట్టలు పంచబడెను. దానితోకూడ విధింపబడిన నెలసరి రుసుము ప్రజల కసంతుష్టి కలిగింపగా, 2024 అక్టోబరు 2న దానిని రద్దుచేయుచున్నట్లు ముఖ్యమంత్రి ప్రకటించిరి. రుసుము పోయినది; బుట్టలు మిగిలినవి. వానిలో కొన్ని నేడు మన యిండ్లలో నీటితొట్లుగను, పూలకుండీలుగను ఉపయోగపడుచున్నవి! ప్రభుత్వము బుట్ట నీయగలదు. ఏది యే బుట్టలో వేయవలెనో పూటపూటకు నిర్ణయించునది ఇంటివారే.

మనము వేఱుచేయకున్నచో ఆ పని యాగిపోదు. మఱియొకరి చేతులమీద పడును. బండి నడపు స్త్రీ యొకతె ముడి విప్పి, ఇరుగుపొరుగుల యెంగిలిలో చేయి పెట్టి పాలసంచులను ఏరుకొనును. ఆ యెంగిలిలో క్షురకపు బ్లేడు ఉండవచ్చును, సూది యుండవచ్చును, రోగి దూది యుండవచ్చును. చెత్తనెత్తు పనిని పుట్టుకనుబట్టి కొందఱి నెత్తిన మోపిన దేశము మనది. ఆ పని చేయువారి బిడ్డలు పెక్కు పాఠశాలలలో మన బిడ్డల ప్రక్కన అదే బల్లమీద కూర్చుండి చదువుకొనుచున్నారు. తరగతిలో అందఱును సమానులని బోధించి, ఇంటికి పోయి స్నేహితుని తల్లి చేతికి పగిలిన గాజును ముడివేసి యిచ్చినచో ఆ బోధ యెంతవఱకు నిలుచును? నా దృష్టిలో ఈ విషయమున ముఖ్యమైనది ఇదియే. ఎరువు, ధర, శాసనము దీని తరువాతివి.

దీనికి కొందఱు చెప్పు ఆక్షేపణలు లేకపోలేదు. “మేము వేఱుచేసి యిచ్చినను బండివారు కలిపివేయుదురు” అందురు. ఇది చాలచోట్ల నిజమే. ఆ లోపము పురపాలక సంఘముదే. కాని వీధిలో నలువదిండ్లవారు కలిపి యిచ్చుచుండగా రెండిండ్లవారు వేఱుచేసి యిచ్చినది బండిలో నిలుచు టెట్లు? వీధియంతయు ఒక్కమాటపై నిలిచిన నాడే పారిశుద్ధ్యాధికారిని “మా చెత్తను ఏల కలిపితిరి?” అని అడుగు హక్కు మనకు బలపడును.

మఱికొందఱు “కొండవీటి చెంత చెత్తను కాల్చి విద్యుత్తు తీయు 15 మెగావాట్ల కర్మాగారమున్నది గదా, ఇంకేల వేఱుచేయుట?” అందురు. తడికట్టె పొయ్యిలో మండునా? తడిచెత్తయు నంతే, తన్నెండబెట్టుకొనుటకే మంటలోని వేడిని తినివేయును. కాలిన కాగితము మఱల కాగితము కాజాలదు. అట్టి కర్మాగారమునకు పోవలసినది ఎందునకును పనికిరాని శేషము మాత్రమే.

“మన జనమునకు ఇది సాధ్యమా?” యను వారికి సూర్యాపేటయే సమాధానము. అప్పుడు నల్లగొండ జిల్లాలో నుండిన యా పట్టణమున 2003 ప్రాంతమున కమీషనరుగా నుండిన ఖాదర్ సాహెబు గారు ఇంటింటనుండి తడిచెత్తను, పొడిచెత్తను వేఱువేఱుగా సేకరింపజేసి, పొడిదానిని అమ్మించి, తడిదానిని వానపాముల యెరువుగా మార్పించి, వీధులలోని చెత్తకుండీలను తొలగింపజేసిరి. అది సంపన్నుల నగరము కాదు. మన ఒంగోలు, చిలకలూరిపేట, నరసరావుపేటలవంటి తెలుగు పట్టణమే.

ఇక ఆచరణ. వంటయింటిలో తడిచెత్తకు మూతగల బుట్ట యొకటి. పొడిచెత్తకు గోడకు వ్రేలాడదీసిన పాత గోనెసంచి యొకటి. హానికర వస్తువులకు చిన్న డబ్బా యొకటి చాలును. పాలసంచి మూలను పూర్తిగా కత్తిరించి పాఱవేయరాదు. ఆ చిన్నముక్క ఎవరి కంటను పడక కాలువలో చేరును. మూలను సంచికి అంటియుండునట్లే కోసి, కడిగి, ఆరవేయవలెను. పగిలిన గాజును దళసరి కాగితమున చుట్టి పైన “గాజు” అని వ్రాయవలెను. రోగులు వాడిన దూదిని, పసిపిల్లల డైపర్లను వేఱుగా చుట్టి గుర్తుపెట్టి యీయవలెను. పాత వార్తాపత్రికలను, ఇనుపసామానును కొనువాడు వీధిలోనికి రానే వచ్చును. ఆతనితో మర్యాదగా మాటలాడుట మీ పిల్లలకు నేర్పుడు. ఆతడు చేయునది దేశోపయోగమైన వ్యాపారము.

పల్లెలనుండి వచ్చు విద్యార్థుల కొక్క హెచ్చరిక. పత్తికిని మిరపకును కొట్టు పురుగుమందుల సీసాలను, డబ్బాలను కడిగి నీళ్ళకో నూనెకో ఇంట నుంచుకొనరాదు, పాతసామానులవానికి అమ్మనురాదు. వాడిన డబ్బాలను మఱల వాడుటకు వీలుగా బయట వదలరాదని 1971 నాటి కీటకనాశినుల నిబంధనలే చెప్పుచున్నవి. మీ నాయనగారికి ఈ మాట చదివి వినిపింపుడు.

చెత్తను వీధిమూలలో కాల్చుటయు పరిష్కారము కాదు. బహిరంగముగా చెత్త కాల్చుటను జాతీయ హరిత న్యాయస్థానము 2016 డిసెంబరులో నిషేధించి, సామాన్యముగా కాల్చినవారికి 5,000 రూపాయల అపరాధరుసుము విధించెను. కాలువలో వేయుట యింకను కీడు. త్రాగునీటిలో మురుగు కలసిన నేమగునో 2018 మార్చిలో గుంటూరు పాతపట్టణమున అతిసారము ప్రబలి పలువురు మృతినొందినప్పుడు చూచితిమి. ఆ విపత్తునకు చెత్తయే కారణమని నే ననను. కాని పూడిన కాలువ మురుగును ఇంటిముంగిటనే నిలుపునని తెలియుటకు పాండిత్యము వలదు.

ఇంటికి దినమునకు అరకిలో చొప్పున లెక్కించినను, నూఱిండ్ల వీధి యేడాదికి పదునెనిమిది టన్నులకు పైగా చెత్త వెలువరించును. ఈ గణితము మన మూడవఫారము బాలుడు చేయగలడు. ఆ బాలునికే ఇంటి మూడు బుట్టల పెత్తనము అప్పగింపుడని తల్లిదండ్రులకు నా మనవి. మొదటి పదిదినములు మఱచిపోవును. మందలింపక జ్ఞాపకము చేయుడు. పాఠశాలవారును ప్రతి తరగతిలో రెండు బుట్ట లుంచి, మధ్యాహ్నభోజనానంతరము అన్నపుమెతుకులు కాగితములతో కలియకుండ ఉపాధ్యాయులమే ముందుగా చేసి చూపవలెను. వచ్చు సంవత్సరము ఈ పత్రిక వెలువడునాటికి, మన విద్యార్థుల వీధులలో చెత్తబండి నడపువారు ముడి విప్పి చేయి పెట్టవలసిన యవసరము ఏ కొన్ని వీధులందైనను తప్పినచో, మన చదువు కొంత ఫలించినట్లే.