జానెడు పచ్చతీగ

రోళ్లు పగులు రోహిణీ కార్తెలో, పగలంతయు వడగాలికి వాడి యింటికి చేరిన గృహస్థుడు, మీట నొక్కినంతనే పైకప్పునుండి దిగివచ్చు చల్లనిగాలిని అనుభవించునే కాని, ఆ గాలిని తోలుచున్న విద్యుత్తు తన యింటిలో ఏ త్రోవన వచ్చి ఏ త్రోవన పోవుచున్నదో విచారించుట అరుదు. యంత్రమునకు వెల యిచ్చితిని, బిగించినవానికి కూలి యిచ్చితిని, గాలి చల్లగా వచ్చుచున్నది, ఇంక విచారింపవలసిన దేమున్నదని అతని ధీమా. నాకు పేచీ ఆ ధీమాతోనే.

మన నగరములలోని పెద్ద యిండ్లలో ఇప్పుడు గోడకు బిగించు ఏసీలకు మారుగా, ఫాల్స్ సీలింగు వెనుక కంటికి కానరాకుండ అమర్చు పెట్టెలు వచ్చినవి. వీనిని ఫ్యాన్ కాయిల్ యూనిట్లందురు. పేరు గంభీరమే కాని లోపలి సంసారము స్వల్పము: వంపులు తిరిగిన రాగిగొట్టముల చుట్ట యొకటి, దానిమీదుగా గాలిని తోలు ఫ్యాను, ఆ ఫ్యానును త్రిప్పు మోటారు, గాలిలోని తేమ చల్లబడి బొట్లు కట్టి కారు నీటిని పట్టుటకు అడుగున నొక పళ్లెము. శీతదేశములలో ఆ చుట్టలోనే చలికాలమున వేడినీటిని, వేసవిలో చల్లనినీటిని పారించి, ఒక్క పెట్టెచేతనే రెండు ఋతువుల పని చేయించుకొందురు. మనకు కావలసినది ప్రధానముగా చల్లదనమే. గోడనున్న ఏసీ లోపలి పెట్టెయు ఈ వంశములోనిదే. దాని చుట్టలో నీటికి బదులు గ్యాసు తిరుగును, అంతియే భేదము. ఏదైనను, నీటిని విద్యుత్తును ఒకే కప్పుక్రింద జానెడు ఎడముతో కాపురముంచిన యంత్రమని మరువరాదు.

గత వేసవిలో విజయవాడలో మా బంధువుల యింట, ఇల్లాలు స్టూలెక్కి ఆ పెట్టె అడుగునున్న ఇనుపజాలీని తుడుచుచుండగా చేయి జిల్లుమనెను. ఆమె అదృష్టవశమున కాళ్లకు రబ్బరు చెప్పు లుండెను. ఎంసీబీ పడలేదు, యంత్రము యథాప్రకారము చల్లనిగాలి నిచ్చుచునే యుండెను. కబురు పంపగా వచ్చిన ముసలి వైర్‌మన్ మెయిన్ కట్టివేసి, టెస్టరుతో రెండుమారులు చూచుకొని, మూత విప్పెను. నీరు పోవు గొట్టము దుమ్ముతోను జిగటతోను పూడిపోయినది, పళ్లెము పొంగినది, పొంగిన నీరు తీగలు బిగించిన పట్టీమీదికి ప్రాకినది. ఎర్త్ తీగ లేదా యని అడిగితిని. "ఎందుకు లేదండీ, పచ్చగా ఉందిగా" అనుచు అతడు దానిని మెల్లగా లాగెను. జానెడు తీగ చేతికి వచ్చెను. ఒక కొన పెట్టెకు చక్కగా మరతో బిగించియున్నది. రెండవ కొన దేనికిని కలుపక గొట్టములో దోపి యున్నది. "చూడ్డానికి పెట్టారండి" అని మాత్రమనెను.

ఎంసీబీ ఏల పడలేదని ఆ యింటివారు అడిగిరి. ఈ ప్రశ్న మన యిండ్లలో ముందుగా అడుగవలసినది, ప్రమాదము జరిగినపిమ్మట మాత్రమే అడుగబడుచున్నది. తడిసిన మానవదేహమునకు సుమారు వేయి ఓములు నిరోధ మున్నదనుకొందము. 230 వోల్టుల ఫేజు దానిని తాకినచో దేహముగుండా పోవునది 230 మిల్లీ ఆంపియరులు, అనగా ఆంపియరులో నాల్గవవంతు కూడ లేదు. గుండె లయ తప్పుటకు అది చాలును. కాని ఇరువది ఆంపియరుల ఎంసీబీకి అది లెక్కలోనికి రాని పద్దు. దాని నియోగము గోడలోని తీగ కాలిపోకుండ చూచుట. మనిషిని కనిపెట్టియుండునది ఆర్‌సీసీబీ యను వేరొక పరికరము. అది ఫేజులో పోయిన విద్యుత్తును న్యూట్రలులో తిరిగివచ్చిన దానితో అనుక్షణము సరిచూచుచు, లెక్క తప్పినంతనే, అనగా పోయినదానిలో కొంత మరియొక త్రోవన నేలకు జారినంతనే, సరఫరాను తెగగొట్టును. గృహములకు ఆ తేడా 30 మిల్లీ ఆంపియరులను మించరాదని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నియమములే చెప్పుచున్నవి. "మాటిమాటికి పడుచున్నది, తీసివేయుము" అని యజమాని కోరుటయు, తీసివేసి ఎలక్ట్రీషియన్ మెప్పు పొందుటయు నేను కన్నులార చూచితిని. మొరుగుచున్నదని కాపలాకుక్కను తరిమివేసిన యింటివానిని ఏమందుము?

ఎర్త్ విషయమున మనవారి యుక్తులు మరియు విచిత్రములు. కొందరు ప్లగ్గులోనే ఎర్త్ కొనను న్యూట్రలుకు ముడివేయుదురు. పరీక్షదీపమును ఫేజునకును ఎర్తునకును నడుమ పెట్టినచో దివ్యముగా వెలుగును. యజమాని తృప్తి చెందును. ఏనాడైన ఆ న్యూట్రలు దారిలో తెగెనా, యంత్రపు ఒడలంతయు నిండు ఫేజు. ఎర్త్ గుంత నిజముగా ఉన్నచోట కూడ, ఉప్పు, బొగ్గు వేసి పాతిన గొట్టముచుట్టు మట్టి మండువేసవిలో ఎండి, నిరోధము పెరుగును. ఏసీలు రేయింబవళ్లు తిరుగునది ఆ దినములలోనే. గుంతలో రెండు బిందెల నీరు పోయుట మన పెద్దలకు తెలిసిన పని. ఇప్పుడు ఆ గుంతమీద సెల్లారులో టైల్స్ పరచి, వానిమీద కారు నిలుపుచున్నాము.

వదులైన మరయొక్కటి చాలును ఇల్లు తగులబడుటకు. టన్నున్నర ఏసీ ఏడెనిమిది ఆంపియరులు లాగును. ప్లగ్గు దగ్గర వదులైన కీలులో అర ఓము నిరోధమున్నదనుకొనుడు. ఎనిమిది యెనిమిదులు అరువదినాలుగు, అందులో సగము ముప్పదిరెండు వాట్ల వేడి. రేడియో బాగుచేయువాడు సీసము కరిగించు కడ్డీకి ఇరువదియైదు వాట్లు చాలును. అట్టి కడ్డీని ప్లాస్టిక్కు పలకవెనుక రాత్రంతయు కాలనిచ్చి మనము దుప్పటి కప్పుకొని నిద్రించుచున్నాము. కనుకనే యంత్రమునకు మీటరుబోర్డునుండి ప్రత్యేకముగా లావుపాటి రాగితీగ లైను ఉండవలెనని, గీజరుకో ఇస్త్రీపెట్టెకో వేసిన పాయింటునుండి లాగరాదని తెలిసినవారు పట్టుబట్టుదురు.

ఫ్యాన్ కాయిల్ పెట్టెలోని చిక్కులు వేరు. మూడు వేగముల మోటారునకు మూడు తీగ లుండును. థర్మోస్టాటు ఒకసమయమున ఒక్కదానికే ఫేజు నందీయవలెను. తొందరపాటుతో రెండింటిని కలిపినచో మోటారు చుట్టలు మాడును. మీట కట్టినను కెపాసిటరు కొంతసేపు విద్యుత్తును పట్టియుండును. రంగుల సంగతి చెప్పనే యక్కరలేదు: మూడు ఫేజులున్న పాతయింట నీలితీగ ఫేజు; యంత్రముతో వచ్చిన త్రాటిలో నీలితీగ న్యూట్రలు. రంగును నమ్మి టెస్టరును జేబులో ఉంచుకొన్నవాడు ఇక్కడనే దెబ్బతినును.

దోషమంతయు బిగించిన కుర్రవానిపై మోపుట నాకు సమ్మతము కాదు. ఎన్ని యిండ్లు ముగించిన అంత కూలి. ఎర్త్ కొలుచుటకు పట్టు పావుగంటకు ఎవరును వానికి పైక మీయరు. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు మార్చుకొనుటకు నియమములు మనకు స్వేచ్ఛ నిచ్చినవి. కాని వైరింగు సామర్థ్యమును మార్చు పనిని లైసెన్సుగల కాంట్రాక్టరే చేయించవలెనని అవియే శాసించుచున్నవి. కొత్త ఏసీకి లైను లాగుట రెండవ తెగలోనిదే. యంత్రము నమ్మిన దుకాణమువారే లైనును, ఎర్తును కొలిపించి, ఆ అంకెలను రసీదుపై వ్రాసి యిచ్చుట నిర్బంధము కావలెనని నా అభిప్రాయము. నక్షత్రముల చీటీ అంటించుటకు వారికి తీరిక యున్నప్పుడు దీనికి మాత్రమేల లేకుండును?

అట్టి నిర్బంధము వచ్చువరకు ఆ పని యజమానిదే. ఈ యేడు యంత్రము బిగించుకొనబోవు పాఠకులారా, బిగించినవాడు చల్లనిగాలి చూపి కూలి యడిగినప్పుడు, ఆర్‌సీసీబీమీది 'టి' అను బొత్తామును మీ యెదుట నొక్కి పడవేయుమనుడు. పచ్చతీగ రెండవ కొన ఎచ్చట కలిసినదో చూపుమనుడు. చూపువరకు డబ్బు చేతి కీయకుడు.