పాకశాల: వెల్లుల్లి వెన్న పాస్తా – ఒకే పంక్తిలో రాత్రి భోజనం

సూరత్ నగరానికి దక్షిణాన, ముంబయి–అహమ్మదాబాదు రైలుమార్గంపై ఉధనా, సచిన్ స్టేషన్ల నడుమ ఉన్న ప్రాంతం భేస్తాన్. మరమగ్గాల చప్పుడు రాత్రింబవళ్ళు వినిపించే ఈ ప్రాంతాలకు తెలుగువారు కొత్తవారు కారు. కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ జిల్లాల నుంచి నేతపనికై తరలి వెళ్ళిన కుటుంబాలు దశాబ్దాలుగా సూరత్‌లో స్థిరపడి ఉన్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో సైతం పాఠశాలలు నెలకొల్పిందంటే అక్కడ మనవారి సంఖ్య ఎంతటిదో ఊహించవచ్చు. మన సంస్థ ఉద్యోగులలో కొందరు ఈ పరిసరాలలోనే నివాసముంటూ, షిఫ్టు బస్సులలో విధులకు వెళ్ళి వస్తున్నారు.

అక్కడి సోదరీమణుల నుంచి మా శీర్షికకు తరచుగా వచ్చే ప్రశ్న ఒకటే: “ఇంటిల్లిపాదీ ఇష్టంగా తినేది, అరగంటలో అయ్యేది, కడుపు నిండేది ఏదైనా చెప్పండి.” ఈ మాసం వారి కోసం వెల్లుల్లి వెన్న పాస్తాను ఎంచుకున్నాము.

పాస్తా అనగానే కొందరు పెద్దలు నొసలు చిట్లిస్తారని మాకు తెలుసు. అది పరాయి వంటకమని, పిల్లల చిరుతిండి అని వారి అభిప్రాయం. కాని ఇందులోని దినుసులను ఒక్కొక్కటిగా పరిశీలించండి. వెల్లుల్లి మనది. వెన్న మనది. బాలింతకు వెల్లుల్లి రేకలను నేతిలో వేయించి, వేడి అన్నంలో కలిపి తొలి ముద్దగా పెట్టడం మన ఇళ్ళలో తరతరాలుగా వస్తున్న పద్ధతి. ఇటలీలోనూ ఇటువంటి కథే ఒకటి ప్రసిద్ధంగా ఉన్నది. రోమ్ నగరంలో భోజనశాల నడిపిన అల్ఫ్రెడో ది లేలియో 1908లో, ప్రసవానంతరం ఆహారం సహించని తన భార్య కోసం పాస్తాలో వెన్న, చీజ్ ధారాళంగా కలిపి వడ్డించాడని చెబుతారు. అలసిన శరీరానికి వేడిగా, మెత్తగా, కమ్మగా ఏదైనా పెట్టాలన్న తలంపు ఏ దేశపు తల్లికైనా ఒక్కటే గదా!

ఇక పాస్తా అంటే గోధుమ రవ్వను నీటితో కలిపి, అచ్చులలో ఒత్తి, ఆరబెట్టినదే. మన సేమ్యాకు అది దగ్గరి చుట్టం. శ్రేష్ఠమైన పాస్తాకు డ్యూరమ్ జాతి గట్టి గోధుమ కావాలి. ఆ గోధుమ గుజరాత్‌లోనే పండుతుంది. అహమ్మదాబాదు, భావనగర్ జిల్లాల వైపు విస్తరించిన భాల్ ప్రాంతంలో, వానాకాలం తరువాత నేలలో నిలిచిన తేమతోనే దీనిని పండిస్తారు. మాంసకృత్తులు అధికంగా గల ఈ భాలియా గోధుమకు 2011లో భౌగోళిక గుర్తింపు లభించింది. కొనేటప్పుడు పొట్లంపై డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉన్నదో లేదో చూడండి. మైదాతో చేసినది త్వరగా ముద్దయిపోతుంది.

వెన్నకు గుజరాత్‌లో కొరత లేదు. 1946లో ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘంతో ఆనంద్‌లో మొదలైన సహకారోద్యమం సూరత్‌కు కూడా విస్తరించి, 1951లో సుముల్ సంఘం ఏర్పడింది. వెల్లుల్లి విషయంలో సూరత్ వాసులు మరింత అదృష్టవంతులు. చలికాలంలో అక్కడి కూరగాయల బజారులో ఆకులతో సహా పచ్చి వెల్లుల్లి కట్టలు కట్టలుగా అమ్ముతారు. గుజరాతీలు దానిని లీలు లసణ్ అంటారు. వారి ఊంధియూకు ఆ పరిమళమే ప్రాణం. తెలంగాణ వారు ఎల్లిగడ్డ అన్నా, కోస్తా వారు వెల్లుల్లి అన్నా ఆ సీజనులో ఈ కట్టలను వదలవద్దని మా మనవి.

కావలసినవి (నలుగురికి)

గొట్టాల పాస్తా లేదా స్పఘెట్టీ – 350 గ్రాములు
ఉప్పు కలిసిన వెన్న – 75 గ్రాములు
వెల్లుల్లి రేకలు – 12 నుంచి 15
ఎండుమిరపకాయలు – 2 (గింజలు తీసి, కచ్చాపచ్చాగా నలిపినవి)
మిరియాల పొడి – అర చెంచా
కొత్తిమీర లేదా పచ్చి వెల్లుల్లి ఆకు – సన్నగా తరిగినది గుప్పెడు
ఉడికించిన పచ్చి బఠాణీ లేదా పచ్చి కందిగింజలు – ఒక కప్పు
నిమ్మకాయ – సగం
చీజ్ తురుము – ఇష్టమైతే కొద్దిగా
నీరు – 3 లీటర్లు
నీటిలోకి ఉప్పు – ఒక పెద్ద చెంచా

చేయు విధానం

పెద్ద గిన్నెలో నీరు పోసి, మూతపెట్టి పొయ్యిమీద ఉంచండి. అది మరిగేలోపు వెల్లుల్లి ఒలిచి, పలుచని బిళ్ళలుగా కోయండి. దంచవద్దు. వెల్లుల్లిని కోసినప్పుడు, నలిపినప్పుడు అల్లిసిన్ అనే ఘాటైన పదార్థం పుడుతుంది. ఎంత నలిపితే అంత ఘాటు. పచ్చడికి అది గుణమే గాని, పిల్లలు తినవలసిన ఈ వంటకానికి బిళ్ళల మృదుత్వమే మేలు.

నీరు తెర్లుతున్నప్పుడు ఉప్పు, పాస్తా వేసి వెంటనే ఒకసారి కలపండి. లేకపోతే అడుగున అంటుకుంటుంది. పొట్లంపై సూచించిన వ్యవధికి ఒక నిమిషం ముందే ఒక పలుకు కొరికి చూడండి. పైన మెత్తగా, నడుమ కొంచెం బిగువుగా ఉంటే దించవలసిన సమయం వచ్చినట్లే. మిగిలిన ఉడుకు వెన్నతో కలిసిన తరువాత పూర్తవుతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. పాస్తా వార్చే ముందు ఆ నీటిని రెండు కప్పులు తీసి పక్కన పెట్టుకోండి. పారబోయదగిన నీరుగా కనిపించినా, అది నిజానికి గంజి. గంజి విలువ మనకు ఒకరు చెప్పాలా? చేనేత ఇళ్ళలో పడుగునూలుకు గంజి పట్టించేది పోగులు తెగకుండా, ఒద్దికగా నిలవడానికే. ఇక్కడా గంజి చేసే పని అటువంటిదే. వెన్నలోని కొవ్వు, నీరు మామూలుగా కలవవు. గంజిలోని పిండిపదార్థం ఆ రెండింటినీ కలిపి ఉంచి, పలుకు పలుకుకూ నిగనిగలాడే పూత పట్టిస్తుంది. గంజి పారబోసినవారి పాస్తా ఒకవైపు పొడిపొడిగా, మరొకవైపు జిడ్డుగా మిగులుతుంది.

పాస్తా ఉడుకుతుండగానే మరొక పొయ్యిమీద వెడల్పాటి మూకుడులో 50 గ్రాముల వెన్నను సన్నని సెగపై కరిగించి, వెల్లుల్లి బిళ్ళలు వేయండి. మూడు, నాలుగు నిమిషాలలో వాటి అంచులు లేత బంగారు రంగుకు తిరుగుతాయి. అప్పుడు ఎండుమిర్చి వేసి, వెంటనే ఒక గరిటెడు గంజి పోయండి. దానితో వేగడం ఆగిపోతుంది. ఇక్కడ తొందరపాటు పనికిరాదు. వెన్నలో కొవ్వుతో పాటు పాలలోని ఘనపదార్థాలు కూడా ఉంటాయి. పెద్ద మంటపై అవి, వెల్లుల్లి కలిసి మాడి చేదెక్కుతాయి.

వార్చిన పాస్తాను, బఠాణీని మూకుడులో వేసి, అరకప్పు గంజి పోసి, సెగ పెంచి ఒకటి రెండు నిమిషాలు ఎగరవేస్తూ కలపండి. పలుచగా కనిపించిన గంజి చిక్కబడి పాస్తాను అంటిపెట్టుకోగానే దించి, మిగిలిన 25 గ్రాముల చల్లని వెన్న, మిరియాల పొడి, ఆకు తరుగు వేసి కలపండి. నిమ్మరసం పిండండి. రుచి చూసిన తరువాతే అవసరమైతే ఉప్పు వేయండి. వెన్నలోనూ, నీటిలోనూ ఉప్పు ఉన్నదని మరువరాదు.

వడ్డన

ఈ వంటకానికి ఒక స్వభావం ఉన్నది. అది నిరీక్షణను సహించదు. దించిన పది నిమిషాలలో గంజి బిగుసుకుంటుంది, వెన్న పేరుకుంటుంది, పలుకులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. దీనిని లోపంగా భావించేవారు ఉండవచ్చు. మేము మాత్రం ఇదే దీని సుగుణమని విన్నవిస్తున్నాము.

మన ఇళ్ళలో వండినవారు చివరన తినడం పరిపాటి. భర్తకు, పిల్లలకు, అత్తమామలకు వడ్డించి, ఎవరికి ఏమి కావాలో కనిపెట్టి, అందరూ చేతులు కడుక్కున్న తరువాత చల్లారిన గిన్నెల ముందు ఆమె ఒక్కతే కూర్చుంటుంది. పప్పు, పులుసు చల్లారినా తినవచ్చును గనుక ఈ అలవాటును మనం గమనించనైనా లేదు. ఇది త్యాగమని పొగడడం సులభం. పొగడ్త వల్ల అన్నం వేడెక్కదు. షిఫ్టుల మూలంగా వారంలో ఏ రెండు మూడు రాత్రులో తప్ప కుటుంబమంతా ఒక్కచోట చేరలేని ఇళ్ళలో, చేరిన ఆ కాసేపైనా ఆమె పంక్తికి బయట ఉండడం న్యాయం కాదు.

పాస్తా వండిన రాత్రి ఆ పద్ధతి సాగదు. కంచాలు ముందే పరచి ఉండాలి. నీళ్ళు పిల్లలు పెట్టాలి. మూకుడు దించగానే ఎవరి వంతు వారికి ఒకేసారి పెట్టి, వండినవారితో సహా అందరూ కూర్చోవాలి. మారు వడ్డన కోసం లేచే పని ఉండదు. కూర, పచ్చడి, చారు అంటూ వంటింటికి పరుగులు ఉండవు. ఉన్నదంతా ఒక్క కంచంలోనే ఉన్నది. ఉద్యోగ సోదరులు వెల్లుల్లి ఒలవడం, గంజి వార్చడం తమ వంతుగా తీసుకుంటే మరీ మంచిది. రోజంతా యంత్రాల మధ్య వేడిని, ఒత్తిడిని కనిపెట్టి పనిచేసే చేతులకు సన్నని సెగను అదుపులో ఉంచడం కష్టమేమీ కాదు.

కొన్ని సూచనలు

రెండవ షిఫ్టు ముగించుకొని పొద్దుపోయి వచ్చేవారి కోసం పాస్తాను ముందుగా ఉడికించి ఉంచవద్దు. వెల్లుల్లి, ఆకు తరిగి, బఠాణీ ఉడికించి సిద్ధపరచుకోండి. పిల్లలకు వారి వేళకు వారి వంతు వండిపెట్టి, మనిషి ఇంటికి వచ్చి స్నానానికి వెళ్ళినప్పుడు ఇద్దరికి సరిపడా మళ్ళీ నీరు పెట్టండి. స్నానం ముగిసేసరికి వంట ముగుస్తుంది.

గుజరాత్‌లో జైనులు, స్వామినారాయణ సంప్రదాయాన్ని పాటించే ఇరుగుపొరుగువారు వెల్లుల్లి ముట్టరు. మనలోనూ కార్తీకమాసంలో మానేవారు ఉన్నారు. అట్టివారు భోజనానికి వస్తే జీలకర్ర, కరివేపాకు, దంచిన మిరియాలను వెన్నలో వేయించి ఇదే విధంగా చేయవచ్చు. చీజ్ వాడదలచినప్పుడు అతిథులను ఒకమాట అడగడం మర్యాద.

రక్తపోటు ఉన్నవారి ఇంట నీటిలోని ఉప్పును సగానికి తగ్గించి, ఉప్పులేని వెన్న వాడాలి. వెల్లుల్లి గుండెకు మేలు చేస్తుందన్న నమ్మకంతో వైద్యులు ఇచ్చిన మాత్రలను మానరాదు. వెన్న రుచికరమే గాని నిత్యాహారం కాదు. నెలకు రెండు మూడు సార్లు చాలును.

సూరత్‌లోనే గాక మన సంస్థ కార్యాలయాలు ఉన్న ప్రతి ఊరిలోనూ ఈ మాసం ఒక రాత్రి ఈ వంటకం చేసి చూడవలసిందిగా పాఠక కుటుంబాలను కోరుతున్నాము. రుచి ఎలా కుదిరిందో మాకు తప్పక వ్రాయండి. దానితో పాటు, ఆ రాత్రి వండినవారు ఎవరి పక్కన కూర్చొని తిన్నారో కూడా వ్రాస్తే మరింత సంతోషిస్తాము.