బొగ్గు దేశానికి.. బొందలగడ్డ ఊర్లకా?

సింగరేణి బొగ్గు నిన్నమొన్నటిది కాదు. 25 కోట్ల ఏండ్లకు ముందు ఇండియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒక్కటే ఖండంగా ఉన్ననాడు గ్లాసాప్టెరిస్ చెట్ల అడవులు చిత్తడిల కూలి, ఇసుక కింద అణిగి బొగ్గయినయి. ఆ ఖండానికి సైంటిస్టులు పెట్టిన పేరు గోండ్వానా. అంటే గోండుల నేల! పేరు ప్రపంచమంత పాకింది. గోండుల బతుకు మాత్రం ఎక్కడేసిన గొంగడి అక్కడనే.

1871ల విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని తేల్చిండు. 1886ల హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కు పట్టింది. అప్పటిసంది మన దగ్గర భూగర్భ శాస్త్రం అంటే బొగ్గు ఏడుంది, ఎంతుంది, ఎట్ల తీయాలె అన్న లెక్కనే. తీసినంక ఆ నేల ఏమైతదన్న లెక్క ఎవలు రాసిన్రు?

బాయి గని ఉన్ననాడు పైన కనీసం పొలం మిగిలేది (కుంగిన పొలాలు లేవని కాదు). 1975ల గోదావరిఖనిల మొదలైన ఓపెన్‌కాస్టు ఆ ముచ్చటే లేకుండ చేసింది. ఒక అంగుళం పైమట్టి తయారు కావాలంటే వందల ఏండ్లు పడుతది. యంత్రం బకెట్ ఒక్క ఊపుల ఎత్తిపోస్తది. కింద నీళ్లు పట్టి ఉంచే ఇసుకరాయి పొరను నిలువునా కోస్తరు, గుంతల ఊరిన నీళ్లను మోటర్లు పెట్టి తోడుతరు. చుట్టుపక్కల బాయిలు ఎండకపోతే ఏం జేస్తయి?

కొలువులన్న దక్కినయా? 1990ల తొలినాళ్లల లక్షా పది వేలకు పైన ఉన్న కార్మికులు ఇయ్యాల 40 వేలకు అటూఇటూ. 2023-24ల తీసిన బొగ్గు మాత్రం 7 కోట్ల టన్నులు! 2014ల రాష్ట్రమొచ్చింది. బొందలగడ్డ, బొందలగడ్డ అని మైకులు పగిలేటట్టు అరిచిన నోర్లు మూతవడ్డయి. గుంతలు మాత్రం ఆగలే.

ఇదే గోదావరి లోయల యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ ఎముకలను తెచ్చి హైదరాబాద్ బిర్లా మ్యూజియంల నిలబెట్టిన్రు. మంచిదే. చచ్చిన డైనోసార్‌కు అద్దాల మేడల జాగ దొరికింది. బతికున్న ఊరికేమో మట్టిగుట్ట నీడ!

గని మూసేటప్పుడు నేలను ఎట్ల సరిచేస్తరో ముందే రాసియ్యాలని కేంద్ర బొగ్గు శాఖ 2009లనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం తెలుగుల రాసి పంచాయతీ గోడకు అంటించున్రి. ఏ గుంత పూడుస్తరు? ఏది చెరువు జేస్తరు? పైమట్టి ఏడ పోసిన్రు? ముందు గది చెప్పున్రి, కొత్త గుంత సంగతి అటెనుక మాట్లాడుదాం.