మందు కొనే ముందు గోటితో గీకి చూడండి

ఢిల్లీలోని జనక్‌పురిలో అనేక తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. అక్కడ ఒక తెలుగు పెద్దాయన తన ఇంటి ముందున్న మందార కంచెను నాకు చూపించారు. కొమ్మల నిండా గోధుమరంగు పొలుసులు. “నాలుగుసార్లు మందు కొట్టించానండీ, ఒక్క పురుగూ రాలలేదు” అని వారు వాపోయినారు. నేను గోటితో గీకి చూడగా పొలుసులు చాలా వరకు పొడిగా రాలిపోయినవి. అవి ఎప్పుడో చచ్చినవే! పొలుసు పురుగు చచ్చినా దాని పెంకు కొమ్మను వదలదు. బ్రతికి ఉన్నదైతే గీకినప్పుడు తడి అంటుతుంది. ఈ చిన్న పరీక్ష తెలియక, చచ్చిన పామును మళ్లీ మళ్లీ కొట్టినట్లు, వారు మందుకు డబ్బు పోసినారు.

ఇంటి తోటలో ఇది కొద్దిపాటి నష్టమే. కాని కడియం, కడియపులంక వంటి చోట్ల అప్పు తెచ్చి నర్సరీ నడిపే రైతుకు ఇదే పొరపాటు వాయిదా సొమ్మును మింగివేయగలదు. పైగా ఈ పురుగు మొక్కతోపాటే లారీ ఎక్కి పోతుంది. 1868 ప్రాంతంలో ఆస్ట్రేలియా నుండి మొక్కలతో కాలిఫోర్నియా చేరిన ఒక దూది పొలుసు పురుగు అక్కడి నారింజ తోటలను నాశనం చేయసాగింది. 1888–89లో ఆస్ట్రేలియా నుండే తెప్పించిన వెడాలియా అనే అక్షింతల పురుగు దానిని అదుపు చేసింది. తరువాత మన నీలగిరులలోనూ అదే మిత్రపురుగు అక్కరకు వచ్చింది. విచక్షణ లేకుండా ఘాటైన విషం చల్లితే ముందుగా చచ్చేవి ఇటువంటి మిత్రులే.

ముదిరిన పురుగు పెంకు చాటున ఉంటుంది. పైన చల్లిన మందు దానికి సరిగా తగలదు. గుడ్లనుండి వెలువడి కొమ్మలపై పాకే పిల్ల పురుగులే మనకు చిక్కేవి. కొమ్మ క్రింద తెల్లకాగితం పట్టి తట్టితే కదలాడే చుక్కలుగా అవి కనబడతాయి. మందుకు అదే అదను. అంతకు ముందే, బాగా పట్టిన కొమ్మలను కత్తిరించి కాల్చివేయాలి. మిగిలిన పొలుసులను పాత బ్రష్షుతో సబ్బునీటితో రుద్దాలి. చీమల బారులుంటే అరికట్టాలి. తేనెబంక కోసం అవి మెత్తని పొలుసు పురుగులను కాపాడతాయి. పిమ్మట లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి ఆకుల అడుగు భాగం కూడా తడిసేటట్లు సాయంవేళ చల్లాలి. పది రోజులకు మళ్లీ పరీక్షించాలి. ఢిల్లీ మే, జూన్ ఎండలలో నూనె చల్లితే ఆకులు మాడిపోతాయి.

డీలరు మిత్రులకు ఒక మనవి. పురుగు పట్టిన కొమ్మను చూడకుండా సీసా ఇవ్వకండి. 2020 డిసెంబరు 31 నుండి నిషేధించబడిన డైక్లోర్‌వాస్ వంటి మందుల పాత సరుకును అంటగట్టకండి. లేబులుపై ఏ పంటకు, ఏ పురుగుకు సిఫారసు ఉన్నదో చదివి చెప్పండి, రశీదు ఇవ్వండి. అరువుపై అమ్మిన మందు పనిచేయకపోతే చివరకు మునిగేది మీ బాకీయే.

బ్యాంకు ఉద్యోగిగా నా అభిప్రాయం ఇది: నర్సరీకి నిర్వహణ పెట్టుబడి మంజూరు చేసేటప్పుడు మందుల పద్దు ఎంత అని మాత్రమే అడిగితే చాలదు. కొత్తగా తెచ్చిన మొక్కలను మూడు నాలుగు వారాలు వేరుగా ఉంచే మడి ఉన్నదా అని కూడా అడగాలి. లేకుంటే ముందుగా దానికే రుణం ఇవ్వాలి. ఆ మడికి అయ్యే ఖర్చు ఒక్కసారిది; అది లేని నర్సరీలో మందుల ఖర్చు ఏటేటా వచ్చేది. పొలుసు పట్టిన మొక్కను కొన్న ఖాతాదారు మరల ఆ గడప తొక్కడు. శుభ్రమైన మొక్కే నర్సరీ రైతుకు అసలైన హామీ.